కోడలు చేసే పని

శుక్రవారం నాడు సీతాలక్ష్మి ఇంటి గడప దాటి బయటికి పోవాలంటే ఆడవాళ్ళకు ఒకటే దారి. నొసట కుంకుమ, చేతిలో పూలు, తాంబూలం తీసుకుని తీరాలి. సౌకార్‌పేటలో ఆ వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. కొరియర్ తెచ్చిన అమ్మాయి సంతకం చేయించుకుని పరిగెత్తబోతే మెట్ల మీద ఆపి మరీ బొట్టు పెట్టింది. కరెంటు మీటరు చూడడానికి వచ్చినామె "మేము బొట్టు పెట్టుకోమమ్మా, చర్చికి పోతాం" అంటే, "సరే, బొట్టు వద్దులే. పూలకు ఏ దేవుడైనా ఒకటే" అని మూరెడు మల్లెపూలు చేతిలో పెట్టి పంపింది. ఆ పళ్ళెంలో ఆకూవక్కా, పసుపుకొమ్ము, అరటిపండుతో పాటు ఒక జత మట్టిగాజులు కూడా ఉంటాయి. అవి ఎప్పుడూ గాజుల కోటిలింగం దుకాణంలోవే అయి ఉండాలి. వేరే దుకాణంలోవి ఆమె కంటికి ఆనవు.

కింద ఇంగువ దుకాణం, పైన కాపురం. భర్త చెంగయ్య, కొడుకు జయప్రకాష్ కింద టోకు బేరాలు చూసుకుంటారు. ఇంగువ కట్టిన గుడ్డ అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే కాదు, మెట్టినవాళ్ళకూ ఆ వాసన వదలదు. కోడలు ధన్య పట్టుచీర కట్టినా ఇంగువే, నూలు చుడీదారు వేసినా ఇంగువే.

ఆ శుక్రవారం పొద్దున కూడా రోజూ లాగే తెల్లారింది. కింద దుకాణం ముందుకు అమ్మాసి వచ్చింది. అమ్మాసి తిరునంగై. మగబిడ్డగా పుట్టిందని ఊరు అంది, కాదు ఆడదాన్నే అని తను అంది, ఆ మాట మీదే ఇంత వయసూ బతికింది. ప్రతి శుక్రవారం ఆ వరుస దుకాణాలన్నిటికీ వచ్చి, కర్పూరం తిప్పి, చేతులు చరిచి దీవించి పోతుంది. ఆమె దీవించకుండా చెంగయ్య గల్లాపెట్టె తెరవడు. తల వంచి దీవెన తీసుకుంటాడు. సీతాలక్ష్మి పైన వరండాలో నిలబడి కటకటాల్లోంచి దండం పెడుతుంది. తాంబూలం పళ్ళెం మాత్రం ఆ మెట్లు ఏనాడూ దిగలేదు. ఎందుకు దిగలేదని ఎవరూ అడగలేదు, ఆమెకూ తోచలేదు.

"రెండు ఇడ్లీలన్నా నోట్లో వేసుకోమ్మా. వట్టి కడుపుతో ఎంత దూరం పోతావు?" అంది సీతాలక్ష్మి వరండాలోంచి లోపలికి వస్తూ.

"తిరువొత్తియూరు పోవాల అత్తా. ఆడ అందరూ వచ్చేసుంటారు. నేను రాసింది వాళ్ళకు చదివి వినిపించాల ఈ పొద్దు." ధన్య సంచీ సర్దుకుంటోంది.

"రాసేది నువ్వు. వాళ్ళకు చదివేదేంది మళ్ళీ? పరీక్ష నీకా, వాళ్ళకా?"

"బతుకు వాళ్ళది కదా అత్తా. వాళ్ళు వద్దన్న మాట తీసేస్తా."

అంత చదువు చదివి, పేరు ముందు డాక్టరని పెట్టుకుని, ఎవరెవరినో అడిగి రాసింది కొట్టేయడమేమిటో సీతాలక్ష్మికి అర్థం కాలేదు. అర్థం కానివి ఆమె అడగదు, నొసలు చిట్లించి ఊరుకుంటుంది. కోడలి ఉద్యోగం గురించి ఇన్నేళ్ళూ అలాగే ఊరుకుంది. ధన్య మనస్తత్వ శాస్త్రం చదివింది. తిరునంగైల ఆరోగ్యం మీద, వాళ్ళ మనసు బాగోగుల మీద పరిశోధన చేస్తుంది. తిరువొత్తియూరులో టీ బంకుల దగ్గర, మనలిలో ఫ్యాక్టరీ పొగల కింద అద్దె గదుల్లో కూర్చుని వాళ్ళు చెప్పేది వింటుంది. వాళ్ళు ఆమెకు పెట్టుకున్న పేరు 'పెరుంగాయం అక్కా', అరవంలో ఇంగువ అక్క అని. ఢిల్లీలో పెద్ద సభలో ఆమె మాట్లాడి వచ్చిన రోజు ఇంట్లో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, అక్కడ మన సాంబారు దొరికిందా అని.

బయట ఎవరైనా మీ కోడలు ఏం డాక్టరు అంటే సీతాలక్ష్మి "మనసు డాక్టరు" అనేది. "ఎవుళ్ళకి?" అని ఇంకా తవ్వితే "అందరికీ" అని మాట దాటేసేది. అంతవరకే అయితే బాగుండేది. పోయిన వారం గుళ్ళో కోటిలింగం భార్య వాసంతి స్తంభం చాటున కూర్చుని ఏడుస్తూ కనిపించింది. ఏమైందే అని అడిగితే, కొడుకు వెంకట్రామ్ తాను ఆడపిల్లనంటున్నాడని, వాళ్ళ నాయన చెయ్యి చేసుకున్నాడని, ఇంట్లో పొయ్యి వెలిగి రెండు రోజులైందని చెప్పింది. సీతాలక్ష్మికి ఎవరి కన్నీళ్ళు చూసినా నోరు ఆగదు. దానికి తోడు ఇన్నేళ్ళూ దాటవేసిన మాటకు ఒక గొప్ప ముగింపు దొరికినట్టు అనిపించింది. "ఏడవబాకమ్మే! మా కోడలు చేసేది అదే కదా. అట్లాటోళ్ళను సరి చేస్తాది. ఎంతమంది సరైపొయ్యినారని! శుక్రవారం తీసుకొనిరా" అనేసింది. అని, ఇంటికొచ్చి, ధన్యకు చెప్పడానికి ధైర్యం చాలక రేపు రేపు అనుకుంటూ వారం దాటించింది.

ధన్య చెప్పులు వేసుకుంటూ ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

ముందు కోటిలింగం, చేతిలో పళ్ళ బుట్ట. వెనక వాసంతి. ఆమె వెనక చెయ్యంత పొడుగు చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, నేల చూపులు చూస్తూ, కాలేజీ వయసు బిడ్డ. కోటిలింగం అంటే ఆ బజారులో తెలియనివాళ్ళు లేరు. ఎంత బిరుసు చెయ్యి అయినా సరే, అతను గాజు తొడిగితే పగలదని పేరు. సీమంతాల రోజుల్లో పెద్దింటివాళ్ళు కారు పంపి పిలిపించుకుంటారు.

"డాక్టరమ్మా, దేవతలాగా దొరికినావు," అన్నాడు కోటిలింగం బుట్ట కింద పెట్టి. "వదిన చెప్పింది. నీ దగ్గరికొస్తే సరైపోతారంట కదా. నెల్లూరు పక్కన యాడనో ఒక చోటుండాది, తలుపులేసి ఆర్నెల్లు పెట్టుకొని దారికి తెస్తారని మా బావమరిది ఆదివారానికి బండి మాట్లాడినాడు. నాకు మనసొప్పలేదు. నువ్వు సరి చేస్తానంటే ఆ బండి వద్దని చెప్పేస్తా. లేదంటే ఎక్కించేదే."

బిడ్డ ఎడమ చెయ్యి కుడిచేతి మణికట్టును గట్టిగా పట్టుకుంది.

ధన్య అత్తగారి వైపు చూసింది. చెప్పులు విప్పేసింది. "కూచోండి. కాఫీ తెస్తా," అని వంటింట్లోకి పోయింది. సీతాలక్ష్మి కొంగు నడుముకు బిగించి, దొంగతనం బయటపడిన పిల్లలా వెనకాలే పోయింది.

"ఏం చెప్పినారత్తా వాళ్ళకు?" ధన్య గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండుననిపించింది సీతాలక్ష్మికి.

"ఏముండాది చెప్పేదానికి? ఆడ కూచొని ఏడస్తా ఉంటే నోరు జారింది. అయిందేదో అయింది, నా మాట నిలబెట్టు తల్లీ. చేస్తానని ఒక్క మాట చెప్పు. రెండు మాత్రలు రాసియ్యి, బలానికి ఇచ్చేవైనా సరే. అంతలోకి ఆ బండి సంగతి పోతాది, వాళ్ళ మనసులూ చల్లబడతాయి."

"నేను మాత్రలు రాసే డాక్టర్ని కాదు అత్తా."

"అయితే ఏం డాక్టరువి నువ్వు?" సీతాలక్ష్మికి భయం కోపమైంది. "పొద్దన్నే పోతావు, పొద్దుగూకి వస్తావు. వాన లేదు, ఎండ లేదు. ఇన్నేండ్లు! సరి చేసేదానికి కాకపోతే ఆడ నువ్వు చేస్తా ఉండేది ఏంది?"

కాఫీ డికాషన్ కింది గిన్నెలోకి బొట్టు బొట్టుగా దిగుతోంది. ధన్య దాని వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "ఇన్నేండ్లకు అడిగినారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఎదురుచూసిన ప్రశ్నకు జవాబు చెప్పబోతున్నట్టు పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది.

"వాళ్ళకేమొచ్చిందని ఊరంతా అడుగుతాది అత్తా. ఏముంటే మీరు బాగుంటారని నేను అడుగుతా. అంతే నా పని. ఎవరు కడుపునిండా తింటా ఉండారు, ఎవరికి నిద్ర పడతా ఉంది, జ్వరమొస్తే ఆస్పత్రి గడప ఎక్కేదానికి ఎవరు భయపడతా ఉండారు, ఎందుకు భయపడతా ఉండారు. వింటా, రాస్తా, రాసింది ఆస్పత్రుల వాళ్ళకూ కాలేజీల వాళ్ళకూ చెప్తా. నేను మాట్లాడిన వాళ్ళలో బాగున్నోళ్ళకు దాదాపు అందరికీ ఒకటి ఉండాది. ఇంట్లో ఒక్కరు. అమ్మో, అవ్వో, చిన్నాయనో. ఊరంతా ఛీ అన్నా, అన్నం తిన్నావా అని అడిగే మనిషి ఒక్కరు."

"లేనోళ్ళు?"

ధన్య డికాషన్ గిన్నె దింపింది. "వాళ్ళలో కొంతమందితో రెండోసారి మాట్లాడేదానికి కుదరలా అత్తా. నేను పొయ్యేసరికి వాళ్ళు లేరు."

సీతాలక్ష్మి చెయ్యి గట్టు మీదికి పోయింది. ఆ రోజుల్లో కోడలు ఇంటికొచ్చి తలనొప్పి అని గది తలుపేసుకోవడం, తను "ఎండకు తిరగబాకంటే వినదు" అని సణగడం గుర్తొచ్చాయి.

"సరి చేస్తానని నేను ఇప్పుడు ఒప్పుకుంటే, నువ్వు తప్పుగా పుట్టినావని ఆ బిడ్డకు డాక్టరు నోటితో చెప్పినట్టు అయితాది," అంది ధన్య. "నేను చెప్పను. మీ మాట పోయినా సరే."

"నా మానం కంటే ఆ పిల్లోడు ఎక్కువా నీకు?"

"ఈ పొద్దుకు ఎక్కువే అత్తా."

ఆ ఇంట్లో ఏ కోడలూ ఏ అత్తతోనూ అలా అని ఉండదు. ధన్య కాఫీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని బయటికి నడిచింది.

హాల్లో కోటిలింగానికి, వాసంతికి కాఫీ ఇచ్చి, ధన్య ఆ బిడ్డ ముందు నేల మీద కూర్చుంది. కుర్చీలు ఉండగా నేల మీద. "నీతో కొంచెంసేపు మాట్లాడొచ్చా? ఇష్టం లేకుంటే వద్దని చెప్పొచ్చు, నేనేమీ అనుకోను. ఒంటరిగానా, తోడు ఎవరన్నా ఉండాలా?"

బిడ్డ మొదటిసారి తలెత్తి గదంతా చూసి, సీతాలక్ష్మి దగ్గర ఆగింది. "ఆ అవ్వ ఉండనీ అక్కా. ఆమె వాకిట్లో కూచొనుంటే మా నాయన లోపలికి రాడు."

అలా సీతాలక్ష్మి తన ఇంట్లోనే కావలిమనిషైంది. ధన్య గది గుమ్మంలో పీట వేసుకుని, ఒళ్ళో పూలు పోసుకుని, లోపలికి వీపు పెట్టి మాల కట్టసాగింది. వీపుకు చెవులుండవు కానీ ఆడవాళ్ళ వీపుకు ఉంటాయి.

ముందు చాలాసేపు ఏమీ వినపడలేదు. సీతాలక్ష్మి కంగారుపడింది. నోరు మూసుకుని ఉండడం ఆమెకు ఉపవాసం కంటే కష్టం. అడగదేమి ఈ పిల్ల? ఏదో ఒకటి అడగొచ్చు కదా! ఓరగా చూసింది. ధన్య ఊరికే కూర్చుని ఉంది. విసుగు లేదు, తొందర లేదు, జాలి కూడా లేదు ఆ మొహంలో. ఎంతసేపైనా ఇక్కడే ఉంటానన్నట్టు ఉంది, అంతే. తిరువొత్తియూరులో అంతమంది తన కోసం కాచుకుని ఉన్నారన్న ధ్యాసే కనపడలేదు.

"నేను నిన్ను సరి చెయ్యను," అంది చివరికి. "సరి చేసేదానికి నీలో తప్పేం లేదు. ఇది ముందు చెప్పాల నీకు. నిన్ను ఏమని పిలిస్తే నీకు బాగుంటాది?"

చిన్న గొంతు వచ్చింది. "ఎవురూ అడగల అక్కా ఇంతవరకూ." మళ్ళీ ఆ గొంతే కొంచెం గట్టిగా, "భావన."

"భావనా, నువ్వు బాగున్న రోజు ఒకటి చెప్తావా నాకు?"

ఆ బిడ్డ అలా కోరింది కాబట్టి ఇక్కడినుంచి మనమూ భావన అనే అందాం.

భావన నవ్విందో ఏడ్చిందో తెలియని శబ్దం చేసింది. "అందరూ ఎప్పణ్ణించి ఇట్లా అని అడుగుతారు. నువ్వేంటక్కా ఇది అడుగుతావు?"

"నాకు అదే కావాల."

అప్పుడు చెప్పింది. కొన్ని నెలల కిందట నాయన ఊళ్ళో లేని రోజు దుకాణంలో తనే కూర్చుందట. సీమంతానికి గాజులు వేయించుకోను ఒక నిండుచూలాలు వచ్చిందట, తోడు ఒక ముసలామె. భయపడుతూనే ఆ చేతికి గాజులు తొడిగింది. ఒక్కటి పగలలేదు. ముసలామె తృప్తిగా చూసి, చూపు ఆనకో, చూపు బాగా ఆనినందుకో, "బంగారు చెయ్యే నీది. నువ్వూ రెండు వేసుకో పోమ్మా" అని దీవించి పోయింది. భావన రెండు పచ్చగాజులు తొడుక్కుని, పైన చొక్కా చేతులు దించుకుంది. "అంతే అక్కా. ఇంకేం జరగల ఆ పొద్దు. సుమ్మా, ఊరికే బేరాలు చూసుకున్నా. ఇంటికి పొయ్యి రెండుసార్లు పెట్టించుకొని తిన్నా. బాగా నిద్ర పట్టింది."

సీతాలక్ష్మి చేతిలో దారం ఆగిపోయింది. తిన్నా. నిద్ర పట్టింది. ఒక బిడ్డ తన బతుకంతా వెతికి చెప్పిన మంచి రోజు ఇది. తను పిల్లలకు రోజూ ఇచ్చి, ఇచ్చినట్టు కూడా గుర్తు పెట్టుకోనిది.

"రెండో రోజు నాయన చూసినాడు," అంది భావన. "చేతి మీదనే పగలగొట్టినాడు."

చొక్కా గుండీ విప్పిన చప్పుడు. ఆపైన భావన ఇంకొక మాట చెప్పింది, చాలా మెల్లగా, ఆ గాజులు పగిలిన రాత్రి గురించి. ఆ మాట విని సీతాలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ధన్య మాత్రం కదలలేదు, గొంతు వణకలేదు. ఇప్పుడూ అట్లా అనిపిస్తోందా అని సూటిగా అడిగింది, అనిపిస్తే ఏ వేళైనా ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పింది, తన స్నేహితురాలైన డాక్టరు దగ్గరికి తనే వెంట తీసుకుపోతానంది. పద్దెనిమిది నిండినదాన్ని ఇష్టం లేకుండా ఎవరూ ఎక్కడా తలుపులేసి పెట్టకూడదని, అవసరమైతే తాను ఆ బండి ముందు నిలబడతానని చెప్పింది. బంగారం తూచే త్రాసు ముందు గాలి కూడా ఆడనివ్వరు కంసాలులు. కోడలు ఒక్కొక్క మాటనూ అలా పట్టుకుంటోందని అనిపించి సీతాలక్ష్మికి ఒళ్ళు గగుర్పొడిచింది. రోజూ ఇడ్లీ తినకుండా పోయి ఈ పిల్ల చేసి వచ్చేది ఇదా! సాయంత్రం ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు చారు కలుపుకుని తినేది ఇవన్నీ మోసుకుని వచ్చా!

చివరికి ధన్య అడిగిన మాట ఆమెను పూర్తిగా పడగొట్టింది.

"భావనా, నువ్వు నాకు చెప్పినవి నీవి. బయట మీ అమ్మా నాయనకు ఏం చెప్పమంటావు, ఏం వద్దంటావు?"

"గాజుల సంగతి చెప్పక్కా. ఆ రెండోది వద్దు."

"సరే. అవ్వకూ అదే మాట."

సీతాలక్ష్మి వెనక్కి తిరక్కుండానే తల ఊపింది. గుళ్ళో స్తంభం చాటున ఒక తల్లి చెప్పుకున్నదాన్ని పట్టుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా, తన గొప్పకు ఒక అబద్ధం అల్లిన నోరు తనది. ఆ రెండో మాట మాత్రం ఆమె ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. కాబట్టి మనకూ తెలియదు.

వాళ్ళు ముగ్గురూ హాల్లోకి వచ్చేసరికి కోటిలింగం లేచి నిలబడ్డాడు. "ఎన్నాళ్ళు పడతాది డాక్టరమ్మా?"

"చెయ్యాల్సిందేం లేదు కోటిలింగం గారూ. బిడ్డకు జబ్బు లేదు. బాధ ఉండాది. జబ్బు లేదు."

"అదేంది? ఎంతమందినో సరి చేసినావని వదిన..." అతను సీతాలక్ష్మి వైపు తిరిగాడు. వాసంతీ తిరిగింది.

తలనొప్పని లోపలికి పోవచ్చు. నేను అట్లా అనలేదు, వాసంతే అట్లా అనుకుందని తోసెయ్యొచ్చు. గుమ్మం పక్కన ఆ బిడ్డ మళ్ళీ మణికట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను అబద్ధం చెప్పినా కోటీ," అంది. "మా కోడలు ఎవుర్నీ సరి చెయ్యలా. అది చేసే పనేందో ఈ పొద్దుదాకా నాకే తెలీదు. తెలీక, తెలీదని చెప్పుకొనేదానికి సిగ్గై, నోటికొచ్చింది చెప్పినా. తప్పు నాది. బిడ్డది కాదు."

"బజారులో మాట కంటే ఏముండాది వదినా మనకు?" కోటిలింగం మొహం నల్లబడింది. "నీ మాట నమ్మి సిగ్గు చంపుకొని మెట్లెక్కినా నేను!"

"తిట్టు. పడతా. ముందు ఆమె చెప్పేది విను."

ధన్య గాజుల సంగతి చెప్పింది. ఒక మాట ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. తిన్నదని, నిద్రపోయిందని చెప్పి ఆపేసింది. వాసంతి గోడకు ఆనుకుని కిందికి జారి ఏడ్చింది. "రెండుసార్లు పెట్టించుకొన్నాడండీ ఆ పొద్దు. అవును. నేనే వడ్డించినా. ఇంత బాగా తిన్నాడే అని సంతోషపడినా..."

కోటిలింగం ఎవరి వైపూ చూడలేదు. గాజు పగిలితే అపశకునమని దుకాణంలో పగిలిన ముక్కను కూడా కంట పడకుండా దాచి పారేసే మనిషి. "పదండి," అన్నాడు. "ఈడ ఇంకేం పని లేదు." తనే ముందు మెట్ల వైపు నడిచాడు. ఆదివారం బండి సంగతి చెప్పలేదు. ధన్య మొహం మొదటిసారి పాలిపోయింది.

"ఆగండి!" అంది సీతాలక్ష్మి. "శుక్రవారం!"

లోపలికి పరుగు లాంటి నడకతో పోయి పళ్ళెం తెచ్చింది. వాసంతికి బొట్టు పెట్టింది, పూలిచ్చింది, తాంబూలం కొంగులో వేసింది. తర్వాత పళ్ళెం పట్టుకుని భావన ముందుకు వచ్చి నిలబడింది. భావన తండ్రి వీపు వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈ ఇంట్లోంచి శుక్రవారం ఏ ఆడబిడ్డా వట్టి నొసటితో పోలా భావనా. నువ్వూ పోవు," అంది సీతాలక్ష్మి.

ఆ పేరు కోటిలింగం మొదటిసారి విన్నాడు. మెట్టు మీద కాలు ఆగింది కానీ ఇటు తిరగలేదు.

సీతాలక్ష్మి బొట్టు పెట్టింది. కట్టీకట్టని మాలనే తుంచి ఇచ్చింది. పళ్ళెంలో గాజుల జత తీసి ఆ చెయ్యి పట్టుకుంది. పెద్ద చెయ్యి, ఎముకలు గట్టివి. గాజు వేళ్ళు దాటి పిడికిలి దగ్గర ఇరుక్కుంది. సీతాలక్ష్మి తోసింది. పట్టుదల కొద్దీ ఇంకా తోసింది. భావన పళ్ళు బిగించి "స్స్" అంది. గాజు కిర్రుమంది.

"అట్ల కాదు వదినా! పగిలిపోతాది!"

కోటిలింగం ఇటు తిరిగి, ఎక్కడ ఉన్నాడో మరిచిపోయి మెట్లెక్కి వచ్చేశాడు. "తప్పుకో. అట్ల తోస్తారా ఎవురన్నా? కోసుకుంటాది!" సీతాలక్ష్మిని పక్కకు జరిపి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఊరందరి ఆడబిడ్డల చేతులనూ పట్టుకున్న చెయ్యి అది. బొటనవేలిని లోపలికి మడిచి, పిడికిలి ఎముకలను ఒకదాని మీద ఒకటి మెత్తగా నొక్కుతూ, అలవాటుగా అన్నాడు. "చెయ్యి వదులుగా పెట్టు. బిగబట్టొద్దు. నాకు వదిలెయ్. నొప్పిగా ఉండాదా?"

"లేదు నాయనా."

ఒక గాజు జారింది. రెండోది జారింది. అప్పుడు కనిపించింది అతనికి, గాజుల కింద మణికట్టు మీద తెల్లగా మానిన గీత. తాను పగలగొట్టినప్పుడు కోసుకున్నది.

అతను చెయ్యి వదల్లేదు. బొటనవేలితో ఆ గీతను మెల్లగా తడిమాడు, ఒకసారి కాదు. కింద వీధిలో తోపుడుబళ్ళ అరుపులు, ఆటోల హారన్లు మామూలుగానే వినిపిస్తున్నాయి. కోటిలింగం భుజాలు కదిలాయి. భావన రెండో చెయ్యి భయంభయంగా లేచి తండ్రి భుజం మీద ఆగింది.

"వాసంతీ," అన్నాడు తలెత్తకుండానే. "మీ అన్నకు ఫోన్ చెయ్యి. ఆదివారం బండి వద్దని చెప్పు." భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, గాజుల వైపు మళ్ళీ పనివాడి కళ్ళతో చూశాడు. "ఈ చేతికి ఈ సైజు చాలదు. తీసేటప్పుడు పగులుతాది. అంగట్లో పెద్ద సైజు ఉండాది. పా, ఇస్తా."

వాళ్ళు మెట్లు దిగిపోయాక కూడా సీతాలక్ష్మి ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడే ఉంది. చెంగయ్య కిందినుంచి ఏమైందని కేకేశాడు. ధన్య గోడకు ఆనుకుని నిలబడి, ఎవరూ చూడడం లేదనుకుని కళ్ళు ఒత్తుకుంటోంది.

సీతాలక్ష్మి దగ్గరికి పోయి కోడలి నొసట బొట్టు పెట్టింది. పెళ్ళైన నాటినుంచి ప్రతి శుక్రవారం పెడుతున్నదే. ఈసారి మాత్రం పెద్ద గుళ్ళో మూలవిరాట్టు ముందు నిలబడినట్టు వేలు తడబడింది. "రోజూ ఇట్లనేనా నీకు?" అంది.

"రోజూ ఇంత బాగా జరగదు అత్తా."

ఇడ్లీలు మళ్ళీ వెచ్చబెట్టి, ధన్య తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆ ఇంట్లో ఎవరూ ఎరగని వింత.

మరుసటి శుక్రవారం అమ్మాసి దుకాణం ముందు కర్పూరం వెలిగించి, చేతులు చరిచి, చెంగయ్యను దీవించి పక్క దుకాణానికి పోబోయింది. మెట్ల మీద మెట్టెల చప్పుడైంది. సీతాలక్ష్మి మోకాళ్ళ నొప్పితో ఒక్కొక్క మెట్టే దిగుతూ, రెండు చేతులా పళ్ళెం పట్టుకుని వస్తోంది. కుంకుమ, పూలు, ఆకూవక్కా, గాజులు. గాజులు పెద్ద సైజువి.

అమ్మాసి వెనకా ముందూ చూసింది. ఆ పళ్ళెం ఇంకెవరికో అనుకుంది. తనకేనని తెలిశాక కొంగు సవరించుకుంది, నుదురు తుడుచుకుంది, కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి.

"ఏం విశేషమమ్మా ఈ పొద్దు?"

"శుక్రవారం," అంది సీతాలక్ష్మి.